పాపారాయుడికి చప్పట్లు కొట్టిన చేతులు

మా ఇళ్ళల్లో ఎస్వీ రంగారావు అంటే అందరికీ ఇష్టమే. అబ్బా అయితే ఆయన సినిమా వస్తుందంటే ఇషా నమాజు ముగించుకుని టీవీ ముందు కూర్చునేవారు. 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం'లో తాండ్ర పాపారాయుడుగా ఆయన్ని మేము ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ నడకలో బరువుంది, ఆ గొంతులో ఉరుముంది. కోట కూలిపోయాక విజయరామరాజు మీద పగ తీర్చుకునే ఘట్టం వస్తే పిల్లలం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళం. రాజాం మనదే, బొబ్బిలి మనదే, పాపారాయుడూ మనవాడే.

మర్నాడు బడికెళితే పాపారాయుడు మాకు దక్కేవాడు కాదు. ఆటలో ఆ వేషం వేరేవాళ్ళది. మాకు మిగిలేది హైదర్‌జంగ్. "మీవాడేరా బొబ్బిల్ని కూల్చింది" అనేవారు తోటిపిల్లలు. ఒక మేష్టారు కూడా అది విని నవ్వి ఊరుకున్నారు. రాత్రి చప్పట్లు కొట్టిన చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు.

పెద్దయ్యాక చరిత్ర పుస్తకాలు తిరగేశాం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికొచ్చిన సైన్యం ఫ్రెంచివాడు బుస్సీది. దారి చూపి తీసుకొచ్చినవాడు విజయనగరం రాజు. ఇద్దరు జమీందార్ల పాతపగ, పరాయివాడికి కావలసిన కప్పం, ఈ రెండూ కలిసి కోటని కాల్చాయి. హైదర్‌జంగ్ బుస్సీ దగ్గర దివాను. అతను చేసింది దొర కొలువు. దానికీ మా కల్మాకీ సంబంధం ఏమిటి? విజయరామరాజు చేసినదానికి ఆయన మతాన్ని ఎవరూ నిలదీయలేదే! నిలదీయకూడదు కూడా. మరి మమ్మల్నే ఎందుకు నిలదీశారు?

ఆ కథలో ఎవరూ చెప్పని పేరు ఇంకొకటుంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చినప్పుడు, అప్పగించనని ఎదురు తిరిగినవాడు శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్. మొదట విజయరామరాజు ఆయన పక్షానే ఉన్నాడు. ఫ్రెంచివాళ్ళతో బేరం కుదిరాక అటు తిరిగాడు. ఒంటరైన జాఫర్ అలీ మరాఠాలను పిలిచాడు, వాళ్ళొచ్చి ఊళ్ళు దోచుకుపోయారు. ఆయన్ని వీరుడని మేము అనబోము. తన అధికారం కోసమే పోరాడి ఉండొచ్చు. కానీ హైదర్‌జంగ్ పేరు పిల్లలకు కూడా తెలిసి, జాఫర్ అలీ పేరు పెద్దలకు కూడా తెలియకపోవడం మామూలు మరుపు కాదు. జ్ఞాపకం కూడా మనుషుల్ని ఏరుకుంటుంది.

రంగారావు మాత్రం ఏరుకోలేదు. 1955లో వచ్చిన 'అనార్కలి'లో అక్బరు ఆయనే. కొడుకు మీది మమకారానికీ సింహాసనానికీ మధ్య నలిగే తండ్రి. మా అమ్మీ దృష్టిలో అక్బర్ బాద్షా అంటే ఆయన మొహమే. అక్బరుకు తెలుగు మాట్లాడించినా ఎక్కడా కృతకమనిపించలేదు. నూజివీడులో పుట్టిన తెలుగువాడు మొగలు బాద్షా అయితే ఎవరూ తప్పు పట్టలేదు. శ్రీకాకుళం గల్లీలో పుట్టిన మా పిల్లవాడు బడి ఆటలో పాపారాయుడు కావడానికే అడ్డం వచ్చింది.

రంగారావు 1974లో పోయారు. అప్పటికి మాలో చాలామంది పుట్టనేలేదు. అయినా ఆయన మా ఇంటి పెద్దల్లో ఒకరు. మా పిల్లలు ఇప్పుడు ఫోన్లో 'బొబ్బిలి యుద్ధం' చూస్తున్నారు. మొన్న ఒకడు దుప్పటి భుజాన వేసుకుని, చీపురుపుల్ల కత్తిగా పట్టుకుని, "నేను పాపారాయుణ్ణి" అన్నాడు. వాడిని మేము కూర్చోమనలేదు. జాఫర్ అలీ కథా చెప్పాం, హైదర్‌జంగ్ కథా దాచకుండా చెప్పాం. వాడు అంతా విని, మళ్ళీ కత్తి పట్టుకుని లేచాడు.

ఈసారి మేము కూడా చప్పట్లు కొట్టాం.