ముందు బొమ్మ, తర్వాత బండి

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న ట్రాయ్‌లో 1958లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. ఊరి నడిబొడ్డున ఉన్న యూనియన్ స్టేషన్‌ను ఆ ఏడే పడగొట్టారు. అయినా ఆ తర్వాత దశాబ్దాల పాటు ట్రాయ్ మీదుగా రైళ్లు పోతూనే ఉన్నాయి. ఎక్కడంటే, రెన్సలేర్ పాలిటెక్నిక్ విద్యార్థుల హాస్టల్ నేలమాళిగలో!

అక్కడి విద్యార్థులు 1947లో నమూనా రైళ్ల సంఘం పెట్టుకున్నారు. 1972లో డేవిసన్ హాల్ కింద పట్టాలు పరచడం మొదలుపెట్టి, ట్రాయ్ వీధులను 87లో ఒక వంతు కొలతకు కుదించి నిలబెట్టారు. నడిపేది కరెంటే అయినా, ఆ లోకంలో కాలం 1950 దగ్గరే నిలిచింది. ఆవిరి ఇంజన్లు సెలవు తీసుకుంటుంటే డీజిల్ బళ్లు దిగుతున్న రోజులవి. కూలిన ఊరు కాలేజీ కుర్రాళ్ల చేతుల్లో మిగలడం ఎంత గొప్ప సంగతి!

అసలుది పోయాక బొమ్మ మిగలడం లోకంలో ఉన్నదే. మెరుగైన ఆవిరి యంత్రం కథ మాత్రం మొదలైందే బొమ్మతో. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి వాడే న్యూకొమెన్ ఆవిరి యంత్రం నమూనా సరిగా నడవకపోతే, 1763లో జేమ్స్ వాట్ చేతికి మరమ్మతుకొచ్చింది. కొద్దిసార్లు కదిలేసరికి దాని ఆవిరి అయిపోయేది. సిలిండర్‌ను ప్రతిసారీ కాచి, మళ్లీ చల్లార్చడంలోనే వేడంతా వృథా అవుతోందని వాట్ పట్టుకున్నాడు. చిన్న సిలిండర్‌లో పట్టే ఆవిరి తక్కువ, దాన్ని చల్లార్చే గోడ ఎక్కువ. అందుకే పెద్ద యంత్రంలో కళ్లకు ఆనని లోపం బొమ్మలో బయటపడింది. ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చాలన్న ఆలోచన 1765లో తట్టింది, 1769లో పేటెంటు వచ్చింది. వాట్ కంపెనీలోనే పనిచేసిన విలియం మర్డాక్ 1784లో మూడు చక్రాల ఆవిరి బండి నమూనా చేశాడు. రాత్రిపూట వదిలితే నిప్పులు కక్కుతూ పరుగెత్తి, ఎదురొచ్చిన పాదిరీని హడలగొట్టిందని చెప్పుకుంటారు.

ఇక దాదాపు నలభై ఏళ్లు దాటేసి ట్రాయ్ చేరాలి, ఎందుకంటే అక్కడ హెన్రీ బర్డెన్ ఉన్నాడు. స్కాట్లండ్ నుంచి వలసొచ్చి, 1822లో ఈ ఊరి ఇనుప కార్ఖానాలో చేరాడు. అప్పటిదాకా గుర్రపు లాడమంటే కమ్మరి కొలిమిలో కాల్చి, దాగలి మీద సమ్మెటతో ఒక్కొక్కటే సాగగొట్టాల్సిన పని. బర్డెన్ 1835లో లాడాల యంత్రానికి పేటెంటు తీసుకుని, దాన్ని మెరుగుపరుస్తూ పోయాడు. 1857 నాటికి నిమిషానికి 60 లాడాలు. కమ్మరి ఊపిరి పీల్చి వదిలేలోపు రెండు మూడు! అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యపు గుర్రాలకు ఈ లాడాలే బళ్ల కొద్దీ వెళ్లాయి.

ఆ కార్ఖానాను నడిపింది ఆవిరి కాదు, వైనాంట్స్‌కిల్ అనే వాగు. దాని మీద బర్డెన్ 1851లో 60 అడుగుల ఎత్తు, 22 అడుగుల వెడల్పున నీటిచక్రం నిలిపాడు. ఆరంతస్తుల మేడ గిర్రున తిరుగుతున్నట్టు ఊహించుకోవాలి.

ఆవిరి ఈ ఊరికి మేలే కాదు, కీడూ చేసింది. 1862 మే 10న పెనుగాలిలో రైలింజన్ నుంచి ఎగిరిన నిప్పురవ్వలు హడ్సన్ మీది కర్ర వంతెనకు అంటుకున్నాయి. ఐదు వందలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. రెన్సలేర్ పాలిటెక్నిక్ భవనం కూడా బూడిదైంది.

మళ్లీ లేచిన ఆ కళాశాలలోనే జార్జ్ ఫెర్రిస్ చదువుకుని 1881లో పట్టా పుచ్చుకున్నాడు. బర్డెన్ చక్రాన్ని చూసే అతనికి ఆలోచన వచ్చిందని ట్రాయ్ వాసుల గట్టి నమ్మకం. 1893లో షికాగో ప్రదర్శనలో అతను నిలిపిన 264 అడుగుల చక్రాన్ని తిప్పింది ఆవిరి యంత్రమే. 36 పెట్టెల్లో ఒకేసారి 2,160 మంది ఎక్కేవారు. హైదరాబాద్ నుమాయిష్‌లో పిల్లలు కేకలు పెడుతూ ఎక్కే జెయింట్ వీల్ దాని వంశంలోదే. ఫెర్రిస్ 37 ఏళ్లకే, 1896లో కన్నుమూశాడు. అతని చక్రాన్ని 1906లో డైనమైట్ పెట్టి పేల్చి, తుక్కు చేశారు. బర్డెన్ చక్రమూ పనిలేక, తుప్పు పట్టి కూలిపోయింది. రెంటిలో ఒక్కదాన్నైనా ఉంచుకోవాల్సింది. అంతటి పనితనాన్ని తుక్కు కింద జమకట్టడం మనసుకు కష్టంగానే ఉంటుంది.

బర్డెన్ కంపెనీ ఆఫీసు భవనం మాత్రం దక్కి, మ్యూజియం అయింది. హాస్టల్ కుర్రాళ్ల లెక్కన 87వ వంతుకు కుదిస్తే ఆ నీటిచక్రం ఎనిమిదంగుళాల పైచిలుకు. చదువుకునే బల్ల మీద పడుతుంది. కట్టాలనుకునేవారికి కొలతలు ఉన్నాయి. వాగు కూడా అక్కడే పారుతోంది.