‘అచ్చిండు’ తప్పెట్లయింది?

కరీంనగర్ దిక్కు మా వాడపిల్ల పుస్తకంల ‘వచ్చాడు’ చూసి ‘అచ్చిండు’ అని చదువుతది. సారు తప్పంటడు. నేననను. అక్షరం పోల్చింది, అర్థం పట్టింది, తన నోటితో చెప్పింది. చదవడమంటే అదే కదా!

గ్రాంథికం మీద గిడుగు రామమూర్తి గెలిచారని నేనూ క్లాసుల చెప్తా. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి జయంతి రామయ్య పంతులు అడ్డం నిలబడ్డ సంగతీ చెప్తా. కానీ గిడుగు అడిగింది శిష్టవ్యావహారికం. శిష్టులెవరు మిత్రులారా? చదువుకున్నవాళ్లు. మరి అప్పుడు చదువుకోనిచ్చింది ఎవర్ని?

1956 తర్వాత ఆ కోస్తా శిష్టుల తెలుగే మెల్లగా తెలంగాణ బడికీ వాచకమైంది.

ఇప్పుడా పిల్ల అక్షరాలు కూడబలుక్కోవాలె, ఇంటిమాటను శిష్టుల మాటలోకి మార్చుకోవాలె. ఒక్క పనే చేసే పిల్ల పక్కన కూసోబెట్టి ఈమెను ‘వెనకబడింది’ అని రాస్తరు. నాకు మండేది అక్కడే.