రొయ్యల ఇగురు: కూరకు అరగంట, రొయ్యకు ఆరు నిమిషాలు

కోస్తాంధ్ర ఇళ్లలో రొయ్యల ఇగురు తరచూ చేసుకునే కూర. మాంసం కూరలతో పోలిస్తే చాలా త్వరగా అయిపోతుంది. చిత్రంగా, ఎక్కువసార్లు ఇది చెడిపోయేది ఆ సంగతి నమ్మకపోవడం వల్లే. కోడికూర అలవాటుతో మూతపెట్టి 20 నిమిషాలు ఉడికిస్తే రొయ్య రబ్బరులా సాగుతుంది. రొయ్య కండలో ఉడికించి మెత్తబరచాల్సిన గట్టి పీచు పెద్దగా ఉండదు. వేడి తగలగానే మాంసకృత్తులు గడ్డకడతాయి. ఇంకా పొయ్యి మీదే ఉంచితే బిగుసుకుపోయి లోపలి నీటిని బయటికి వదిలేస్తాయి.

ఇప్పుడు బజారులో దొరికేవి ఎక్కువగా చెరువుల్లో పెంచిన వనామీ రొయ్యలు. పసిఫిక్ తీరానికి చెందిన ఈ జాతి సాగుకు మన దేశంలో 2009లో అనుమతి లభించింది. సాగు రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అయితే పంటలో ఎక్కువ భాగం విదేశాలకే పోతుంది, ముఖ్యంగా అమెరికాకు. 2025 ఆగస్టులో అక్కడి సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు, రొయ్యలను మనవాళ్లే ఎక్కువగా తినాలన్న మాట గట్టిగా వినిపించింది. ఆ మాట నిలవాలంటే ముందు రొయ్యలు వండటం కష్టమన్న భయం పోవాలి.

చెరువు గట్టున ధర ‘కౌంట్’ లెక్కన పలుకుతుంది. 50 కౌంట్ అంటే కిలోకు 50 రొయ్యలు. ఇంటి కూరకు ఈ సైజు సరిగ్గా సరిపోతుంది. తల, పెంకు తీసేస్తే కిలోకు దాదాపు సగమే మిగులుతుంది కాబట్టి నలుగురికి కిలో కావాలి. తల ఊడిపోతున్నా, ఘాటైన అమ్మోనియా వాసన వస్తున్నా కొనవద్దు. వీపు మీద చాకుతో గీరి నల్లటి దారం లాంటి పేగును తీసేయాలి. అది ఉంటే ఇసుక నమిలినట్టు ఉంటుంది. ఒలవడానికి పట్టే సమయాన్ని ‘20 నిమిషాల్లో రొయ్యల కూర’ అని ఊరించేవాళ్లెవరూ లెక్కలోకి తీసుకోరు. ఒలిచినవి కొనుక్కుంటే ఆ బాధ లేదు.

అరకిలో ఒలిచిన రొయ్యలకు పావు చెంచా పసుపు, అర చెంచా ఉప్పు పట్టించి, నూనె లేకుండా మూకుడులో పెద్ద మంట మీద 2 నిమిషాలు తిప్పాలి. నీరు ఊరుతుంది, నీచు వాసన తగ్గుతుంది. చాలామంది ఆ నీరంతా ఇగిరేదాకా రొయ్యలను అందులోనే ఉంచుతారు. అక్కడే అవి గట్టిపడతాయి. అలా కాకుండా రొయ్యలను పళ్లెంలోకి తీసి, నీటిని గిన్నెలో దాచండి. రుచంతా అందులోనే ఉంది.

అదే మూకుడులో 3 పెద్ద చెంచాల నూనె వేసి, సన్నగా తరిగిన 2 పెద్ద ఉల్లిపాయలు, 3 పచ్చిమిర్చి, 2 రెబ్బల కరివేపాకు వేయాలి. ఉల్లిపాయ బంగారు రంగు దాటేదాకా వేగాలి. 10 నిమిషాలు పట్టినా ఇక్కడ తొందర పనికిరాదు, ఇగురు చిక్కదనం దీనిదే. తర్వాత ఒకటిన్నర చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోనివ్వాలి. 2 చెంచాల కారం, చెంచా ధనియాల పొడి వేసి, మాడకుండా వెంటనే దాచిన నీరు పోయాలి. టమాటా వేసేవారు ఉన్నారు గానీ, ఇగురుకు అది అక్కర్లేదని నా అభిప్రాయం. పులుపు కావాలంటే వేసవిలో చింతచిగురు ఉంది.

మసాలా దగ్గరపడి నూనె తేలాక రొయ్యలు వేసి 4 నిమిషాలు కలపాలి. రొయ్య కొంచెం వంగి, లోపలిదాకా తెల్లబడి, పైన ఎర్రబడితే ఉడికినట్టే. ఉండలా ముడుచుకుపోయిందంటే ఆలస్యమైనట్టు. చివర్లో అర చెంచా గరం మసాలా, కొత్తిమీర వేసి దించాలి.

గడ్డకట్టిన రొయ్యలైతే రాత్రే ఫ్రిజ్‌లో కింది అరకు మార్చుకోవాలి. కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించకూడదు. రొయ్య పడనివారికి ఎంత ఉడికించినా పడదు, ఎందుకంటే అలర్జీ కలిగించే ముఖ్యమైన మాంసకృత్తు వేడికి నశించదు. అతిథులు వస్తుంటే ముందే అడగడం మంచిది. మిగిలిన కూరను మర్నాడు పొయ్యి మీద మళ్లీ మరిగించే బదులు, వేడి అన్నంలో కలిపి మూకుడులో ఒక్కసారి తిప్పితే రొయ్య మెత్తగానే ఉంటుంది.