పట్టాల మధ్య ప్లాస్టిక్

లైన్లలో పనిచేసిన మనకు ఇన్సులేటరంటే ముందుగా గుర్తొచ్చేది పింగాణీ. ఆ తర్వాత బోర్డుల్లోని బేకలైటు పలక. ఆ పలక మీద ఆర్కు కొట్టి నల్లచార పడిందంటే, ఆ బొగ్గు చారే కరెంటుకు దారి అవుతుందని మనకు అనుభవమే. సరిగ్గా ఈ చిక్కే రైల్‌గన్ అనే ఫిరంగినీ వేధించిందని చదివి, మిత్రులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ఫిరంగిలో మందుగుండు ఉండదు. రెండు లోహపు పట్టాలు, వాటి మధ్య గుండు ఉంటాయి. ఒక పట్టాలో వెళ్ళిన కరెంటు గుండు వెనుకగా దాటి రెండో పట్టాలో తిరిగివస్తుంది. అప్పుడు పుట్టే అయస్కాంత బలం గుండును ముందుకు విసురుతుంది. పట్టాలనూ విడదీయజూస్తుంది. రెండు పట్టాల నడుమ గోడలుగా నిలిచేవి ఇన్సులేటర్లు.

ఫ్రాన్సు దేశస్థుడు ఫోషాన్ విలెప్లే 1922లోనే దీనికి అమెరికా పేటెంటు పొందాడు. అయితే అంత కరెంటును ఒక్కసారిగా ఇవ్వగల యంత్రం కావాలి గదా! కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో మార్క్ ఒలిఫాంట్ పూనికతో తయారైన జనరేటరు 50 కోట్ల జౌళ్ళు, అంటే మన లెక్కలో సుమారు 139 యూనిట్లు, నిలవచేసేది. దాని సాయంతో రాష్లీ, మార్షల్ అనే పరిశోధకులు 3 గ్రాముల పాలీకార్బొనేట్ గుండును సెకనుకు 5.9 కిలోమీటర్ల వేగంతో పంపి, 1978లో ఆ ఫలితం ప్రకటించారు. గుండు కూడా ప్లాస్టిక్కే! దాన్ని వెనుకనుంచి తోసింది ఆర్కు.

ఇక పది, ఇరవై కిలోమీటర్లు తేలికేనని చాలామంది ఆశపడ్డారు. అది జరగలేదు. ఎందుకు జరగలేదో 1989లో లాస్ అలమోస్ శాస్త్రవేత్త పార్కర్ వివరించాడు. ఆర్కు వేడికి గోడల పైపొర ఆవిరై ఆర్కులోనే కలుస్తుంది. దాంతో బరువు పెరిగి వేగం తగ్గుతుంది. పైగా గుండుకు బాగా వెనుక రెండో ఆర్కు లేచి కరెంటును పంచుకుంటుంది.

అందుకే ఇన్సులేటర్లకు పరీక్షలు మొదలయ్యాయి. కాల్పు తర్వాత ఎంత అరిగింది, మసి ఎంత పట్టింది, ఉపరితల నిరోధం ఎంత మిగిలింది అని చూశారు. గాజునార కలిపిన ఎపాక్సీ బలమైనదే గాని పైపొర కాలుతుంది. పింగాణీ జాతి అల్యూమినా వేడికి ఓర్చుకుంటుంది గాని దెబ్బకు పగులుతుంది.

తర్వాత ఆర్కుకు బదులు గుండు వెనుక లోహపు ముక్క పెట్టారు. అమెరికా నౌకాదళం 2010లో 33 మెగాజౌళ్ళ కాల్పు జరిపి, 2021లో ఆ పని ఆపేసింది. జపాన్ 2023లో ఓడ మీదనుంచి పరీక్షించింది. లోహం వాడినా గొడవ తీరలేదు. కరిగిన అల్యూమినియం గోడలకు అంటుకుంటుంది.

పట్టాల సంగతి అందరూ అడుగుతారు. మనం మాత్రం ముందు ఇన్సులేటరు సంగతి అడగాలి. సర్వీసంతా మనం చేసింది అదేగదా!