విజ్జీ: కథలు, కాగితాలు

విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు (విజ్జీ, 1905–1965) పేరెత్తితే క్రికెట్ తెలిసినవాళ్ళకు ముందు కథలే గుర్తొస్తాయి. ప్రత్యర్థి కెప్టెన్‌కు బంగారు గడియారం బహూకరించి తేలిక బంతులు వేయించుకున్నారని ఒకటి. 1936లో ఇంగ్లండ్‌తో ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టులో సహ ఓపెనర్ విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేయించమని ముస్తాక్ అలీకి చెప్పారని మరొకటి. ఇవన్నీ పక్కన పెట్టినా కెప్టెన్‌గా ఆయన మీద తీర్పు మారదు. పక్కన పెట్టకపోతే మాత్రం క్రీడా నిర్వాహకుడిగా ఆయన గడిపిన ఏళ్ళు మనకు కనబడవు.

రనౌట్ సంగతి ముస్తాక్ స్వయంగా చెప్పినది కనుక దానికి కొంత బరువుంది. అయితే స్కోరు పుస్తకం ప్రకారం ఆ టెస్టు తొలి ఇన్నింగ్స్‌లో రనౌటైనది ముస్తాకే. రెండో ఇన్నింగ్స్‌లో మర్చంట్, ముస్తాక్ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. కెప్టెన్ లోపల ఏం చెప్పారో స్కోరు పుస్తకం తేల్చలేదు.

తేలిన విషయాలే చాలినంత కఠినంగా ఉన్నాయి. 1936 ఇంగ్లండ్ పర్యటనలో భారత జట్టు కెప్టెన్‌గా మూడు టెస్టులు ఆడి విజ్జీ చేసినవి 33 పరుగులు, సగటు 8.25. జట్టు రెండు టెస్టులు ఓడింది. ఎసెక్స్‌పై రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీ కొట్టి, పర్యటనలో 613 పరుగులు, 32 వికెట్లు సాధించిన లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపేశారు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ నేతృత్వంలోని విచారణ సంఘం 1937లో అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చి, విజ్జీ సారథ్యాన్ని తప్పుబట్టింది. అమర్‌నాథ్ మళ్ళీ టెస్టు ఆడింది 1946లో. మధ్యలో యుద్ధం ఉన్నమాట నిజమే. అయినా చేతికందిన మూడు టెస్టులు పోగొట్టినది యుద్ధం కాదు.

ఆ కెప్టెన్సీకి దారి వేసినవి పరుగులు కావు. 1930–31లో ఎం.సి.సి. పర్యటన రద్దయినప్పుడు విజ్జీ సొంత జట్టు కట్టి, ఇంగ్లండ్ బ్యాటర్లు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి భారతదేశం, సిలోన్‌లలో ఆడించారు. ఇందులో డాబు ఎంతో, ఆట మీద మక్కువ ఎంతో విడదీయడం కష్టం. రెండూ ఉన్నాయనే నేననుకుంటాను. కాశీలో స్థిరపడ్డాక ఆయన కార్యక్షేత్రం ఉత్తరప్రదేశ్ క్రికెట్. అరవై దాటిన సి.కె. నాయుడు 1956–57 రంజీలో ఆ రాష్ట్ర జట్టుకు ఆడారంటే దాని వెనక ఉన్నది విజ్జీ ప్రోద్బలమే.

కాశీలో స్థిరపడినా రాజకీయాల్లో సొంత ప్రాంతం ఆయనను వదులుకోలేదు. 1960 ఉపఎన్నికలో, మళ్ళీ 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు.

మళ్ళీ క్రికెట్ నిర్వహణకు వస్తే, 1954 నుంచి 1956 వరకు విజ్జీ భారత క్రికెట్ బోర్డు అధ్యక్షులు. అవే ఏళ్ళలో జాతీయ సెలెక్షన్ కమిటీకి చైర్మన్ లాలా అమర్‌నాథ్. ఇద్దరూ మనసు విప్పి రాజీపడ్డారని దీన్నిబట్టి చెప్పలేం. తాను ఇంటికి పంపిన మనిషి జట్టును ఎంపిక చేస్తుండగా విజ్జీ అధ్యక్ష పీఠంలో కూర్చుని పనిచేశారని మాత్రం చెప్పగలం. ఆయన జీవితాన్ని రాసేవారు గడియారం కథకు ఇచ్చినంత చోటు దీనికీ ఇవ్వాలి.