కరణం బుర్రలోని పట్టిక

ఆత్రేయపురంలో అరెకరం కొబ్బరితోట చేతులు మారితే రెండు శాఖలు రెండు రకాలుగా రాసుకునేవి. రిజిస్ట్రేషన్ వాళ్లకి 1908 చట్టం: ఎవరు ఎవరికి అమ్మారు, నాలుగు హద్దులేమిటి. రెవెన్యూ అడంగల్‌కి కావలసింది సర్వే నంబరు, సాగుదారు, శిస్తు. ఒకచోట మార్పు రెండోచోటికి దానంతటది వచ్చేది కాదు.

రెంటినీ కలిపిన మనిషి కరణం. ‘తూర్పున ఫలానావారి దిబ్బ’ అంటే ఏ నంబరో ఆయనకి నోటికొచ్చు. (ఆ తెలివితోనే రైతుల్ని ముప్పుతిప్పలు పెట్టినవాళ్లూ ఉన్నారు.) 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థని రద్దు చేసింది. మంచిపనే అంటాను. ఆ బుర్రలో ఉన్న పట్టిక మాత్రం ఏ ఫైల్లోకీ ఎక్కలేదు.

1998లో కార్డ్ ప్రాజెక్టుతో దస్తావేజులు కంప్యూటర్లోకి వెళ్లాయి. అడంగల్, 1బి తర్వాత వెబ్‌ల్యాండ్‌లో చేరాయి. వేర్వేరుగా పుట్టిన ఈ రెంటినీ కలపబోతే చిక్కంతా పేర్ల దగ్గరా నంబర్ల దగ్గరా వచ్చింది. అన్నదమ్ములు పంచుకున్నా సబ్‌డివిజన్ కాని నంబరు, ఇంకా తాత పేరునే ఉన్న పట్టా, ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట ఇంటిపేరు లేకుండా ఉన్న ఒకే మనిషి. వీటిని ఏ ప్రోగ్రాము తేలుస్తుంది?

తెలంగాణ 2020 అక్టోబరు 29న ధరణి తెచ్చింది. సాగుభూములకి తహసీల్దారే రిజిస్ట్రారు, మ్యుటేషన్ అక్కడికక్కడే. పాత రికార్డులో తప్పున్నవాళ్లకి మాత్రం సరిదిద్దుకునే దారి ఇరుకైపోయింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది.

ఆంధ్రలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే కొలిచిన ప్రతి కమతానికీ కొత్త ఎల్‌పీ నంబరు ఇస్తోంది. బీరువాల్లోని దస్తావేజుల మీద ఇప్పటికీ పాత సర్వే నంబర్లే.