మన్సూరీ ఆస్పత్రి

కైరోలో వక్ఫు (ధర్మకార్యానికి శాశ్వతంగా రాసిచ్చిన ఆస్తి) ఆదాయంతో నడిచిన మధ్యయుగపు ధర్మాసుపత్రి. మమ్లూక్ సుల్తాను అల్-మన్సూర్ కలావూన్ 1284-85లో మదరసా, తన సమాధి మందిరాలతో పాటు దీన్ని కట్టించాడు. డమాస్కస్‌లోని నూరుద్దీన్ ఆస్పత్రి మందులతో జబ్బు నయమై ఆయన ఇందుకు మొక్కుకున్నాడని చరిత్రకారుల కథనం. వక్ఫు చేసిన ఆస్తిని అమ్మకూడదు. దాని మీద వచ్చే అద్దెలే ఆస్పత్రికి ఆధారం. పేదా గొప్పా, ఆడా మగా తేడా లేకుండా అందరికీ వైద్యం అందేది. జ్వరాలకు, కంటి జబ్బులకు, శస్త్రచికిత్సకు వేర్వేరు విభాగాలుండేవి. మందులు, తిండి, పడకలే కాక వేసవిలో రోగులకు ఆకు విసనకర్రల ఖర్చు కూడా దానపత్రంలో చేర్చారు. గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్య రక్తప్రసరణను వివరించిన వైద్యుడు ఇబ్న్ అల్-నఫీస్ (మరణం: 1288) తన ఇంటిని, గ్రంథాలను దీనికే రాసిచ్చాడు.